సగం పాట వంతవాడిది

వంతపాట అంటే తేలిక పని అనుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముందువాడు పాడిందే వెనకవాడు మళ్లీ అంటాడు, అంతే కదా అంటారు. మా దగ్గర అట్లా కుదరదు. భీమన్న ఎత్తుకున్న లైను ఏనాడూ పూర్తి చేసేవాడు కాదు. సగంలో వదిలేసి, జమిడిక తీగ మీద పుల్లతో ఒక్క దెబ్బ వేసి, తనకేమీ పట్టనట్టు ఊరుకునేవాడు. మిగతా సగం నాది. వాళ్ల నాయన ఎల్లమ్మ కథ అట్లాగే చెప్పేవాడట. వంత పాడే తమ్ముడు పోయాక ఆయన మళ్లీ కథకే పోలేదట. భీమన్నకు మొదళ్లు వచ్చు, నాకు చివర్లు వచ్చు, పాట మొత్తంగా ఇద్దరిలో ఎవరికీ రాదు అని మేము పదిమందిలో గొప్పగా చెప్పుకునేవాళ్లం.

నా పేరు లింబాద్రి. మాది మెట్‌పల్లి అవతల చిన్న ఊరు. ఒమాన్‌లో ఇబ్రి అనే ఊళ్లో ఒక కట్టుబడి కంపెనీలో స్లాబులకు చువ్వలు కడతాను. భీమన్న అదే కంపెనీలో గోడలు కట్టే మేస్త్రీ. నాకంటే బాగా పెద్ద, మా పక్క మండలం వాడే. మా క్యాంపు ఊరి బయట, గ్యారేజీల వెనక ఉంటుంది. శుక్రవారం సెలవు. బట్టలు ఉతుక్కున్నాక, ఇళ్లకు ఫోన్లు అయిపోయాక, ఆ మధ్యాహ్నం ఎట్లా గడపాలో తెలియక మనిషికి పిచ్చెక్కుతుంది. రూమ్‌లో ఎంతమంది ఉంటే అంతమందీ ఎవరి ఫోన్ వాళ్లు పట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేవాళ్లు. పక్క మంచం మీద మనిషి ఉన్నాడన్న సంగతి దగ్గు వినిపిస్తేనే తెలిసేది.

అట్లాంటి ఒక శుక్రవారం భీమన్న ఖాళీ పెయింట్ డబ్బా ఒకటి తెచ్చి అడుగు కోసేశాడు. బక్రీదు నాటి మేక తోలు ఎక్కడో సంపాదించి ఒకవైపు బిగించాడు. గోడకు లైను పట్టే నైలాన్ దారాన్ని ఆ తోలు మధ్యలో గుచ్చి, లాగి కట్టాడు. జమిడిక అంటే అదే, ఒక డబ్బా, ఒక తోలు, ఒక్క తీగ. చంకలో ఇరికించుకుని పుల్లతో మీటితే అది డోలులా మోగదు, వీణలా పలకదు. ఎవరో కడుపునొప్పితో మూలిగినట్టు ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. రెండోసారి విన్నప్పుడు చచ్చిపోయిన మా అమ్మ గుర్తొచ్చింది.

ఆ మూలుగు రూమ్‌లో వద్దని అందరూ తిట్టిపోశారు. దాంతో మేము కడుతున్న ఒక విల్లాలోకి పోయాం. తలుపులు, కిటికీలు ఇంకా పెట్టలేదు. ఆ ఉత్త గోడల మధ్య తీగ మీటితే ఇల్లంతా పలికింది. కంపెనీ పికప్ నడిపే అఖీల్ నిజామాబాద్ వాడు. మమ్మల్ని దింపి పోదామని వచ్చినవాడు పోలేక అక్కడే ఆగిపోయి, బకెట్ బోర్లించి దరువు అందుకున్నాడు. అట్లా ముగ్గురమయ్యాం. ఇబ్రి ఒంటితీగ అని పేరు కూడా అఖీలే పెట్టాడు.

పాటలన్నీ భీమన్నవే. బ్లాకు మీద బ్లాకు పేరుస్తూనే కట్టేవాడు. ఏజెంటు మోసం మీద ఒకటి, ఎడారిలో ముసురు కోసం ఏడ్చే మేస్త్రీ మీద ఒకటి, సెలవు దొరకని బావ మీద ఒకటి. గోడ మీది నుంచి ఆయన సగం లైను అరిచేవాడు, స్లాబు మీది నుంచి నేను మిగతాది అరిచేవాణ్ని. మా ఒమానీ సూపర్‌వైజర్ మేమిద్దరం పోట్లాడుకుంటున్నామని కంగారు పడి, ఒకసారి చెరో గుప్పెడు ఖర్జూరాలు ఇచ్చి రాజీ చేయబోయాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన దగ్గర జానపదం మీద మోజు మొదలైంది. యూట్యూబ్ తెరిస్తే ఫోక్ సాంగ్, పెళ్లి బారాత్‌లో ఫోక్ సాంగ్. నిన్నటిదాకా మోటుపాట అని ముక్కు చిట్లించినవాళ్లే నెత్తిన పెట్టుకున్నారు. అఖీల్ ఆ ఉత్త విల్లాలో తీసిన వీడియో క్యాంపు నుంచి క్యాంపుకు పాకింది. చివరికి మస్కట్ పక్కన సీబ్‌లో ఉండే ప్రసాద్ బాబు గారి ఫోన్‌లోకి చేరింది. ఆయన ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగి. కాకినాడ వైపు మనిషి. పండగలకు తెలుగువాళ్లందరినీ ఒక హాల్లో చేర్చి కార్యక్రమాలు నడిపిస్తాడు. మమ్మల్ని పిలిచాడు.

"భీమన్న గారూ, మీ గొంతులో మట్టి వాసన ఉందండీ," అన్నాడు హాలు వెనక గదిలో.

ఉండక ఏం చేస్తుంది, పొద్దంతా సిమెంట్ పీలిస్తే. నేను లోపలే అనుకున్నాను.

ఆయన ఒక సంచి విప్పి మూడు గొంగళ్లు, మూడు తలపాగాలు తీశాడు. "ఇవి కప్పుకోండి. ఆ గల్ఫ్ పాటలు మాత్రం వద్దండీ. ఫ్యామిలీలతో వస్తారు, పిల్లలుంటారు. నాట్లు, కోతలు, జాతర్లు, అలాంటివి పాడండి."

"సార్, మా నాయన ఆటో నడిపిండు," అన్నాను నేను. "నేను పుట్టి బుద్ధెరిగినంక గొంగడి కప్పుకున్నది లేదు."

"స్టేజీ మీద అదంతా ఎవరికి తెలుస్తుందండీ," అని నా భుజం తట్టి నవ్వాడు. చెడ్డ మనిషి కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే అక్కడే దులిపేసి వచ్చేవాణ్ని.

పొలాల గట్ల నుంచి నేరుగా మీ ముందుకు అని మైకులో చెప్పి మమ్మల్ని ఎక్కించారు. మేము ఆ పొద్దున దాకా కాంక్రీటు పోసి వచ్చాం. అయినా పాడాం. చప్పట్లు దద్దరిల్లాయి. గొంగళ్లతో మమ్మల్ని నిలబెట్టి ఎందరో ఫోటోలు దిగారు, భోజనాలు పెట్టారు, మళ్లీ రావాలన్నారు. ఆ తర్వాత అఖీల్ పికప్‌లో ఇబ్రి దారి పట్టాం. చప్పట్లు విని వచ్చిన మనిషికి క్యాంపు రూమ్ ఇంకా ఇరుకవుతుందని నాకు అప్పుడే తెలిసింది.

రెండు చలికాలాలు మా పేరు బాగానే నడిచింది. సీబ్, మస్కట్, సొహార్, ఎక్కడ తెలుగు పండగైతే అక్కడ గొంగళ్లతో హాజరయ్యాం. భీమన్న మాత్రం ఒక్క కోరిక మీద ఉన్నాడు. అది గౌరవ్వ పాట.

గౌరవ్వ ఆయన భార్య. వాళ్లిద్దరి ఫోన్ మాటలు క్యాంపులో అందరికీ కంఠతా వచ్చు. తిన్నవా అంటాడు ఈయన. తిన్న అంటుంది ఆమె. నువ్వు తిన్నవా అంటుంది. తిన్న అంటాడు. ఇక ఫోన్ పట్టుకుని ఇద్దరూ ఊరుకుంటారు, కాసేపటికి ఎవరో ఒకరు పెట్టేస్తారు. ఆయన ఎడారికి వచ్చినప్పుడు బిడ్డ సంగీత బడికి పోయేది, ఇప్పుడు అత్తగారింట్లో ఉంది. అన్నేళ్లూ ఇంటి భారం గౌరవ్వ ఒక్కతే మోసింది. ఆ మాట ఆయన ఆమెతో ఎన్నడూ అనలేదు. పాటలో అన్నాడు. సైట్ మీద ఒక పొద్దున నాకు ఇచ్చాడు.

"మక్కచేను తడుపంగ పోతే మబ్బుల..." అని ఆయన వదిలేస్తే, "బ్యాటరీ పట్టి ఒక్కదానివే నడిస్తివా గౌరవ్వ," అని నేను అందుకోవాలి. "ఇంట్ల కరెంటు పోయిననాడు..." అని ఆయన. "చీకట్ల చెయ్యి కడుక్కుంటివా గౌరవ్వ," అని నేను. మా వైపు మబ్బుల అంటే తెల్లవారకముందు చీకట్లో, బ్యాటరీ అంటే టార్చిలైటు. పాటంతా ఇదే వరస. ప్రతి లైను చివరా ఆమె పేరు. ఆ పేరు ప్రతిసారీ నా వంతుకే వచ్చింది.

"ఏందన్నా, నీ భార్య పేరు నన్ను పిలువమంటున్నవు?" అని ఆటపట్టించాను.

"నేనెట్ల పిలుస్త?" అన్నాడు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోయి.

మా ఊళ్లల్లో ఆ వయసు మగవాళ్లు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవరు. ఏమే అంటారు, ఇగో అంటారు, లేకపోతే ఊరికే దగ్గుతారు. నా భార్య కవితను నేను రోజుకు పదిసార్లు పేరు పెట్టే పిలుస్తాను, అదీ ఫోన్‌లో పోట్లాడేటప్పుడు. భీమన్న కాలం వేరు. వాళ్ల పెళ్లయ్యాక గౌరవ్వ అన్న మాట ఆయన నోట రాలేదట. ఆ పాట స్టేజీ మీద పాడాలి, అది ఫోన్‌లో ఊరికి చేరాలి, నలుగురితో పాటు ఆమె చూడాలి. ఆయనకు కావలసింది అంతే.

ప్రసాద్ బాబు గారికి వినిపించాం. కళ్లు తుడుచుకున్నాడు. "గుండె పిండేశారండీ. కానీ పండగ పూట ఇది వద్దులెండి, వచ్చినవాళ్లు కూడా ఇంటి మీద బెంగ పెట్టుకుంటారు," అన్నాడు. తర్వాతి పండగకూ అదే మాట. భీమన్న గొంగడి మడత పెట్టి సంచిలో పెట్టాడు. బెంగ లేనిది ఎవరికి, హాల్లో ఏసీ కింద కూర్చున్నవాళ్లకు కూడా అదే కదా ఉంది.

"స్టేజీ ఎందుకన్నా, ఆమెకే ఫోన్ల పాడరాదూ," అన్నాను తిరిగొచ్చేటప్పుడు.

"ఇంట్ల పెండ్లానికి పాట పాడుతరారా ఎవడన్న? సిగ్గు లేదనుకోదా," అన్నాడు. "నలుగురి ముందట పాడితే అది పాట అయితది. ఆమె ఇంటది, నేను ఆమె దిక్కు చూసుడు ఉండది."

మూడో చలికాలం రాకముందే అన్నీ విడిపోయాయి. అఖీల్‌కు సహం అనే ఊళ్లో తోటలకు నీళ్ల ట్యాంకర్ నడిపే పని దొరికింది. పోయాడు. కంపెనీ భీమన్న వీసా మళ్లీ కట్టలేదు, వయసైందన్నారు. అదే నెలలో కరీంనగర్ నుంచి ఒక ఫోక్ చానల్ ఆయన ఫోన్ చేసి, గౌరవ్వ పాట తమకు కావాలన్నాడు. భీమన్న మొహం వెలిగిపోయింది. ఎయిర్‌పోర్టులో జమిడికను గొంగడిలో చుట్టుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు.

"పోంగనే రికార్డింగ్ తమ్మీ. ఊరంత చూస్తది, ఊరితోటి ఆమె చూస్తది," అన్నాడు. నేను తల ఊపాను. నాకేమవుతుందని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

నాకేమైందో చెబుతాను. శుక్రవారాలు మళ్లీ పాత శుక్రవారాలయ్యాయి. రూమ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు ఒంటితీగ లింబాద్రివి కదా, ఒక పాట ఎత్తుకో అనేవాళ్లు. ఏం ఎత్తుకోవాలి? మొదళ్లు తెలియక కాదు, అన్నిసార్లు విన్నాక ఎవరికైనా వస్తాయి. కానీ నా నోటి నుంచి వస్తే అవి అతకడం లేదు. ఆయన వదిలిపెట్టిన చోట అందుకోవడమే నాకు వచ్చు, వదిలిపెట్టేవాడు లేడు. స్లాబు మీద చువ్వలు కడుతూ గోడవైపు చూసేవాణ్ని. అక్కడ ఎవరో కొత్త మేస్త్రీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పని చేసుకునేవాడు. అంత మంది మధ్య నేను అంత ఒంటరినని ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. కవితకు చెబితే పాటకు ఏడుస్తున్నవా, ఇంట్ల ఫ్యాను చెడిపోయింది దాని సంగతి చూడు అంది.

ఒక రోజు భీమన్న ఫోన్ చేశాడు. "స్టూడియోల ఇద్దరు పోరగాండ్లను నిలవెట్టిండ్రు వంతకు. నేను ఆగకముందే అందుకుంటున్నరు. నాకు ఊపిరి అందుతలేదు తమ్మీ. నీ వంత పంపుమంటున్నరు. పాడి పంపుతవా?"

పాడకుండా ఉంటానా. ఆ శుక్రవారం కడుతున్న ఒక ఇంట్లో ఉత్త గదిలోకి పోయాను. ఫోన్‌ను బ్లాకు మీద పెట్టాను. భీమన్న సగాన్ని మనసులో పాడుకున్నాను, నా సగాన్ని బయటికి పాడాను. ఎవరూ అడగని ప్రశ్నలకు జవాబులు చెప్పినట్టుంది. గోడలు నా గొంతునే నాకు తిరిగిచ్చాయి. అయినా జీవితంలో అంత బాగా నేను పాడలేదు, ఆయన కోసమని పాడాను. పంపాను. మంచిగ వచ్చిందట అని మెసేజ్ పెట్టాడు.

పాట వచ్చిన సంగతి సహం నుంచి అఖీల్ చెప్పాడు. లింకు పంపి, "పూరా విను భయ్యా, విని నాకు ఫోన్ చెయ్," అన్నాడు. వాడి గొంతులో సంతోషం లేదు.

విన్నాను. మక్కచేను ఉంది. పట్టు లంగాలు కట్టుకుని డాన్సు చేసే అమ్మాయిలు ఉన్నారు. మొదటి సగం ఎవరో కుర్రాడు పాడాడు, పాతికేళ్లు ఉంటాయేమో, నల్ల కళ్లద్దాలు, భుజాన గొంగడి. చివరి సగం నేను. భీమన్న ఎక్కడా లేడు. చానల్ వాళ్లు అఖీల్‌తో అన్నారట, పెద్దాయన గొంతు వణుకుతోందని, మార్కెట్‌కు నిలవదని. వెనక నుంచి వచ్చే నా గొంతు మాత్రం పచ్చిగా, బాగుందట, ఉంచేశారు. ఆయన కోసం పాడిన వంత ముక్కూ మొహం తెలియనివాడి వెనక నిలబడి ఉంది. వాడు వదిలితే నేను అందుకుంటున్నాను, ప్రతి లైనుకూ, కుక్కలా. ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది.

భీమన్నకు చేశాను. ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. ఆ తర్వాతా ఎత్తలేదు. నా మీద కోపమనుకున్నాను. నేను వంత పంపకపోతే వాళ్లకు పాటే లేదు కదా.

ఎండాకాలం మధ్యాహ్నాలు ఇక్కడ పని ఆపేస్తారు. ఒక రోజు ఆ విరామంలో, ప్లాస్టర్ కాని ఒక గదిలో అట్ట పరుచుకుని పడుకున్నాను. అప్పుడు ఎత్తాడు.

"ఎట్లున్నవు తమ్మీ? నువ్వు మంచిగ అందుకున్నవు పాటల," అన్నాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"నీ పాట అన్నా అది."

"నా పాట ఎట్లయితది, నేను లేని పాట? ఇంట్ల ఆమె కూడ చూసింది. పక్కింటోల్ల ఫోన్ల చూసొచ్చి, ఎవ్వనిదో పాట, నా పేరు వెట్టిండ్రు, మంచిగుందన్నది."

నేను లేచి కూర్చున్నాను. "నీదని చెప్పలేదా?"

"ఎట్ల చెప్పాలె? ఆ పిల్లగాడు పాడె, నువ్వు పిలిస్తివి. నేనేం జేసిన్నని చెప్పాలె?"

ఆమెకు వినిపించాలన్న ఒక్క కోరిక కోసం స్టూడియో దాకా పోయినవాడు, ఆమె పక్కనే కూర్చుని, ఎవరో పాడిన తన పాటను ఆమె మెచ్చుకుంటుంటే విని ఊరుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు పట్టరాని కోపమొచ్చింది.

"ఆమె ఏడున్నది ఇప్పుడు?"

"వంటింట్ల ఉన్నది."

"జమిడిక తియ్యి. ఇప్పుడే పాడు. వంతకు నేనున్న కదా, ఇద్దరం ఉంటే ఇంట్ల పాడినట్టు కాదు. ఫోన్ సౌండ్ పెంచి మంచం మీద పెట్టు."

ఏదో పెట్టె జరిపిన చప్పుడైంది. తర్వాత తీగ వినిపించింది. భీమన్న గొంతు సన్నగా వణికింది, నిజమే.

"మక్కచేను తడుపంగ పోతే మబ్బుల..."

వదిలేశాడు. తీగ మీద దెబ్బ పడింది. నా ఊపిరి నిండి సిద్ధంగా ఉంది, నోరు కూడా తెరిచాను. అప్పుడు తట్టింది. నేను పిలిస్తే మళ్లీ నేనే పిలిచినట్టవుతుంది. ఆమెకు మళ్లీ పరాయివాడి గొంతే వినిపిస్తుంది. నోరు మూసుకున్నాను.

"లింబాద్రీ? ఇనవడ్తుందా? అందుకో."

పలకలేదు. నా బతుకులో వంత తప్పడం అదే మొదలు, అంత కష్టమైన పని నేను ఇంకోటి చేయలేదు.

"లైన్ కట్టయిందా ఏంది," అని గొణుక్కున్నాడు. తీగ మళ్లీ మోగింది. మళ్లీ మొదటి సగం పాడాడు. మళ్లీ వదిలాడు. నేను పిడికిలి నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. దెబ్బ మీద దెబ్బ తీగ మీద పడుతూనే ఉంది, ఆయన నా కోసం ఆగుతూనే ఉన్నాడు.

చివరికి ఆయనే అన్నాడు. పాడినట్టు కూడా లేదు, అడిగినట్టుంది. "బ్యాటరీ పట్టి... ఒక్కదానివే నడిస్తివా... గౌరవ్వ."

తీగ ఆగిపోయింది. ఎక్కడో గిన్నె కింద పెట్టిన చప్పుడు, తర్వాత ఒక ఆడమనిషి గొంతు వినిపించాయి.

"నన్నేనా పిలిచినవు?"

"నిన్నే," అన్నాడు భీమన్న. "జెర ఇట్ల కూసో."

మంచం కిర్రుమంది. జమిడిక మళ్లీ అందుకుంది. కరెంటు పోయిన ఇంటి లైను వచ్చింది, మొదలూ ఆయనే, చివరా ఆయనే. దాని తర్వాత ఇంకో లైను, ఇంకోటి. నా చివర్లు అన్నీ ఆయనకు వచ్చు. పాట కట్టినవాడికి చివర్లు రాకుండా ఎట్లా ఉంటాయి. అన్నేళ్లూ వచ్చి ఉండి కూడా నాకు వదిలిపెట్టాడని, నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. సంతోషం వేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి, గుండె నిండిపోయింది. ఇక ఆయనకు నేను అక్కర్లేదని కూడా తెలిసింది.

పాట అయ్యేదాకా విన్నాను. ప్రతి లైను చివరా నా పెదవులు కదిలాయి. గౌరవ్వ ముక్కు చీదుకోవడం వినిపించింది. ఫోన్ సంగతి వాళ్లిద్దరికీ గుర్తు లేదు. నేనే పెట్టేశాను.